మడ్‌గార్డు స్టే మళ్లీ మళ్లీ విరుగుతోందా? ముందు ఒక బోల్టు విప్పి చూడండి

అనంతపురం, తాడిపత్రి, గుత్తి వైపు ఇంటి వెనక రేకుల షెడ్డులోనో, కాలేజీ వర్క్‌షాపులోనో సొంతంగా కారు కట్టుకునేవాళ్లు ఉన్నారు. ఎక్కువమంది పాత మారుతి 800 ఇంజను, గేర్‌బాక్సు, ముందు నకిళ్లు (ముందు చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తోపాటు తిరిగే ఇనుప భాగాలు) తీసుకుని పైపు ఛాసిస్ మీద ఎక్కిస్తారు. చక్రాలు బాడీకి బయట ఉంటాయి కాబట్టి ఒక్కో చక్రానికి విడిగా మడ్‌గార్డు పెట్టుకోవాలి. దాన్ని పట్టి నిలిపే పైపు కాలే స్టే, దాని మొదట్లో బోల్టులతో బిగించే ప్లేటు ఉంటుంది. ఇంజను స్టార్టయ్యేదాకా ఉన్న శ్రద్ధ మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి ఉండదు. బండి తిరగడం మొదలయ్యాక ముందుగా ఇబ్బంది పెట్టేది మాత్రం అదే. టైరు రాసుకుంటోందనో, ఊగుతోందనో, స్టే విరిగిందనో బండి నా దగ్గరికి తెస్తారు.

తెచ్చేసరికి ఆ స్టేకి అప్పటికే ఒకటి రెండు వెల్డింగులు పడి ఉంటాయి. విరిగిన చోటు పక్కనున్న బోల్టును ఒక్కసారి విప్పి చూశారా అంటే, లేదంటారు. ఐదు నిమిషాల పని అది. అది చూడకుండా వెల్డింగ్ రాడ్డు పట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా సరిపోవడం లేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వెల్డింగ్, డ్రిల్లింగ్, జాకీ స్టాండ్ల వాడకం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు చేత్తో ఊపండి

బండి చదునైన చోట తన చక్రాల మీద నిలబడి ఉండాలి. ఇద్దరిని సీట్లలో కూర్చోబెట్టండి. మడ్‌గార్డు వెనక అంచును ఒక చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ ఊపండి. రెండో చేతి వేలిని ఒక్కో జాయింటు మీద వరసగా పెట్టండి: మడ్‌గార్డు స్టేకి కలిసే చోటు, స్టే ప్లేటుకి అతికిన వెల్డింగు, ప్లేటు నకిల్‌కి బిగిసే చోటు. రెండు ముక్కలనూ కలిపి తాకేలా వేలు ఆనిస్తే కంటికి కనిపించని కదలిక కూడా తెలిసిపోతుంది. కదులుతున్న చోటే మీ పని ఉంది.

తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఆడించండి. పాత నకిల్ తెచ్చి, బేరింగు మార్చకుండానే బిగించేసేవాళ్లు చాలామంది. హబ్ బేరింగులో ప్లే (వదులు) ఉంటే ముందు దాన్ని మార్చండి. ఆ తర్వాతే మడ్‌గార్డు సంగతి.

టైరు రాసుకుంటోంది

ముందు మడ్‌గార్డు దేనికి బిగించి ఉందో చూడండి. నకిల్‌కి బిగించినదైతే చక్రంతోపాటే తిరుగుతుంది, చక్రంతోపాటే పైకీ కిందికీ కదులుతుంది. గుంతలో పడినా, స్టీరింగ్ తిప్పినా టైరుకీ దానికీ మధ్య ఖాళీ మారకూడదు. అయినా గుంతల్లో రాసుకుంటోందంటే స్టే వంగుతోందనో, బోల్టు వదులైందనో, బేరింగు పోయిందనో అర్థం. ఇంకో కారణం వెతకక్కర్లేదు.

బాడీకో ఛాసిస్‌కో బిగించిన మడ్‌గార్డు వేరు. చక్రం దాని లోపల కదులుతుంది. వెనక మడ్‌గార్డులన్నీ దాదాపు ఇలాంటివే. జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి దిగిపోయి ఉంటుంది కాబట్టి లేని ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ స్థితిలో కొలిచి బిగించినవాళ్లే స్పీడ్ బ్రేకర్ దగ్గర టైరు గీసుకుందని వస్తారు. మడ్‌గార్డు లోపలి వైపు మూడు నాలుగు చోట్ల బంకమట్టి ముద్దలు అతికించండి. సీట్ల నిండా మనుషుల్ని ఎక్కించుకుని, ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఒక గట్టు ఎక్కించి దించండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ ఇంకోసారి చేయండి. తర్వాత ముద్దల మందం చూడండి. టైరు నొక్కిన చోట ఎంత మట్టి మిగిలితే మీకున్న ఖాళీ అంతే. కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి.

టైరు మార్చాక మొదలైందా? సైజు చదవండి. 145/70 ఆర్12 టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. అదే రిమ్ముకి 145/80 ఆర్12 ఎక్కిస్తే 537 అవుతుంది. అంటే పైన ఖాళీలో 14, 15 మిల్లీమీటర్లు పోయినట్టే. సగం ఖాళీ అక్కడే మాయమైంది.

వాన పడ్డాక మాత్రమే రాసుకుంటుంటే అది మట్టి. అనంతపురం చుట్టూ ఎర్రనేలలో తిరిగినంతకాలం ఈ బాధ ఉండదు. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడిలోకి దిగితే మట్టి మడ్‌గార్డు లోపల పొరలుపొరలుగా అంటుకుని ఎండుతుంది. ఎండిన రేగడి గట్టిదనం మీకు చెప్పక్కర్లేదు. ఆ దారుల్లో తిరిగే బండికి 40 నుంచి 50 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. లోపల బోల్టు తలలు, నట్లు పొడుచుకురాకుండా చూడండి. మట్టి పట్టు దొరకబుచ్చుకునేది వాటి దగ్గరే. నట్టు బయటి వైపు, గుండు తల బోల్టు లోపలి వైపు ఉండాలి.

ఒక వేగం దగ్గర మాత్రం ఊగుతోంది

నలభైలో బాగుంటుంది, అరవై డెబ్బై మధ్య మడ్‌గార్డు అంచు మసకగా కనిపించేంత వణుకుతుంది, ఇంకా పెంచితే తగ్గుతుంది. ఇది ముందుగా చక్రం బ్యాలెన్సింగ్ సమస్య. 508 మిల్లీమీటర్ల టైరు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు పదిన్నర చుట్లు తిరుగుతుంది. చక్రంలో ఒకవైపు బరువు ఎక్కువుంటే స్టేకి సెకనుకు అన్ని కుదుపులు తగులుతాయి. స్టే తనంతట తాను ఊగే వేగం కూడా దాని దగ్గరే ఉంటే ఊపు పెరిగిపోతుంది.

బ్యాలెన్సింగ్ చేయించండి. అప్పటికీ ఊగితే మడ్‌గార్డు వెనక భాగానికి ఇంకో కాలు ఇవ్వండి. రెండు కాళ్లూ ఒకే గీతలో ఉంటే లాభం లేదు. నకిల్ ప్లేటు దగ్గర నుంచి విడిపోయి త్రికోణంలా నిలవాలి. మందపాటి రేకుతో మడ్‌గార్డు చేయించినవాళ్లు రేకు తగ్గించుకోవడం మంచిది. ఊగేది ఆ బరువే కదా.

స్టే మళ్లీ మళ్లీ విరుగుతోంది, లేదా బోల్టు రంధ్రం చుట్టూ పగుళ్లు వస్తున్నాయి

అసలు రాయాలనుకున్నది దీని గురించే.

ఇలా మొదలవుతుంది. మడ్‌గార్డు చక్కగా బిగిసి ఉంటుంది. చప్పుడు లేదు, ఊగడం లేదు. కొన్ని వారాలకు ప్లేటు దగ్గర వెల్డింగు అంచున సన్నటి గీత పడుతుంది. రంగు మీద తుప్పు చార కనిపిస్తుంది. ఒకరోజు స్టే తెగిపోతుంది. వెల్డింగ్ షాపుకి తీసుకెళ్తారు. "ఇంగో రాడ్డు ఏసి, ఓ పట్టీ పెడితే సచ్చినా ఇరగదన్నా" అంటారు అక్కడ. కొత్త పట్టీ పడుతుంది. మళ్లీ కొన్ని వారాలకు ఆ పట్టీ పక్కనే పగులుతుంది. ఈసారి పైపు లావు పెంచుతారు. ఇంకా తొందరగా పోతుంది.

రోడ్డును తిడతారు, వెల్డర్ని తిడతారు. ఎక్కువ బండ్లలో వాళ్లిద్దరి తప్పూ లేదు. స్టే దాని చోటికి సరిపోలేదు. సరిపోని స్టేని బోల్టుతో లాగి బిగించారు. తప్పంతా అక్కడుంది.

రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంది. స్క్రూడ్రైవర్ దూర్చి మెలేస్తే బోల్టు దూరింది. లేదా ప్లేటుకీ నకిల్‌కీ మధ్య కొద్దిగా సందుంది, పానా పట్టి బిగిస్తే సందు మూసుకుంది. చూడటానికి అంతా బాగుంది. కానీ ఆ రెండు మిల్లీమీటర్లూ ఎక్కడికీ పోలేదు. స్టే లోపల వంపుగా ఉండిపోయాయి. బండి షెడ్డులో కదలకుండా నిలబడి ఉన్నా స్టే మీద ఆ లాగుడు ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. నెత్తిన ఒక మూట ఉన్న మనిషి మీద ఇంకో మూట వేసినట్టు, రోడ్డు మీద తగిలే ప్రతి కుదుపూ ఆ లాగుడు పైన చేరుతుంది. పైగా నకిల్‌కి బిగించిన స్టేకీ రోడ్డుకీ మధ్య టైరు గాలి తప్ప ఇంకేం లేదు. స్ప్రింగు దాన్ని కాపాడదు.

ఆ లాగుడు ఎంతుంటుందో లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల పైపు, గట్టిగా బిగిసిన మొదలు నుంచి బోల్టు దాకా 150 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. దాని కొసను 2 మిల్లీమీటర్లు పక్కకి లాగి బిగిస్తే మొదట్లో ఒత్తిడి లెక్క ప్రకారం 500 మెగాపాస్కళ్లు దాటుతుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. అసలు బండిలో ప్లేటు కాస్త వంగుతుంది కాబట్టి అంత రాకపోవచ్చు, కానీ సగం వచ్చినా ఎక్కువే. అదే 300 మిల్లీమీటర్ల పొడవుంటే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. పొట్టి స్టేలే ఎక్కువ విరగడానికి ఇది ఒక కారణం. ఇంకో సంగతి. అంతే దూరం లాగినప్పుడు లావు పైపులో ఒత్తిడి సన్న పైపులో కంటే ఎక్కువ. పైపు లావు పెంచితే తొందరగా విరగడం అందుకే. బలం పెంచుతున్నామనుకుంటూ ఒత్తిడిని పెంచుకుంటున్నారు.

దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే లాగి బిగించిన మడ్‌గార్డు మిగతావాటికంటే గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. చేత్తో ఊపితే కదలదు. పైన చెప్పిన మొదటి పరీక్షలో అది పాసైపోతుంది. ఇక విరిగిన తర్వాత లాగుడు విడుదలైపోతుంది కాబట్టి సాక్ష్యం కూడా పోతుంది. అప్పుడు బోల్టులన్నీ హాయిగా దూరుతుంటే స్టే సరిగ్గానే ఉందనుకుంటారు.

ఒక్క ఆనవాలు మాత్రం మిగులుతుంది. విరిగిన రెండు అంచులనూ దగ్గరగా చూడండి. అటూ ఇటూ బోల్టులు బిగిసి ఉండగానే చూడాలి, విప్పి బల్ల మీద పెట్టి కాదు. తెగిన కొసలు ఒకదానికెదురుగా ఒకటి కచ్చితంగా కలుస్తున్నాయా? కలిస్తే లాగుడు లేదు, కారణం ఇంకోటి. ఒక కొస పైకో పక్కకో జరిగి, పైపు గోడ మందమంత మెట్టు కనిపిస్తే ఆ మెట్టే మీరు బోల్టుతో లాగిన దూరం. వెల్డర్ చేసేదేమిటంటే, ఆ రెండు కొసలనూ క్లాంపుతోనో సుత్తితోనో ఒకచోటికి తెచ్చి అతికిస్తాడు. దాంతో విరగ్గొట్టిన లాగుడినే మళ్లీ లోపల పెట్టి మూసేసినట్టవుతుంది.

ఇంకా విరగని స్టేకి పరీక్ష సులభం. బండిని చక్రాల మీదే ఉంచి, పగులు వస్తున్న చోటుకి దగ్గరగా ఉన్న బోల్టును మెల్లగా విప్పండి. కన్ను రంధ్రం మీద ఉండాలి. చివరి చుట్టు వచ్చేసరికి స్టే టక్కున పక్కకి జరిగిందంటే దొరికినట్టే. బోల్టు తీసేశాక రంధ్రాల్లోంచి చూడండి. రెండూ గుండ్రంగా ఒకదాని మీద ఒకటి ఉండాలి. చంద్రవంకలా కనిపిస్తే స్టే పక్కకి లాగబడుతోంది. ఇప్పుడు బోల్టును వేళ్లతో తిరిగి దూర్చండి. పానా లేకుండా తల ఆనేదాకా తిరగాలి. తల ఆనాక ప్లేట్ల మధ్య సందులో ఏటీఎం కార్డు పెట్టి చూడండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. అది దూరితే సందు ఎక్కువే. అన్ని బోల్టులకీ ఒక్కొక్కటిగా ఇదే చేయండి, విప్పినది బిగించాకే రెండోది విప్పాలి.

ఒక కాలేజీ పిల్లల బండి ఇలాగే వచ్చింది. ముందు కుడి స్టే ప్లేటు దగ్గర పదేపదే పోతోంది, ఎడమది పోవడం లేదు. కొలతలు రెండింటికీ ఒకటేనని చెప్పారు. ఎడమదాన్ని బోర్లించి కుడిదాని మీద పెట్టి చూస్తే ప్లేటు కోణం తేడా తెలిసింది. ఎడమ స్టేని బండి మీదే కూర్చోబెట్టి అతికించారు. కుడిదాన్ని దాని కొలతలతో బల్ల మీద చేశారు. కుడివైపు బోల్టు విప్పగానే స్టే సగం రంధ్రమంత పైకి లేచింది. ఆ స్టేని బండి మీదే కొత్తగా చేసి పెట్టాక ఆ మూల పగలడం ఆగిపోయింది. రోడ్డు అదే, వెల్డరూ అతనే.

ఈ లాగుడు ఎక్కడి నుంచి వస్తుందంటే, ఎక్కువగా వెల్డింగ్ నుంచే. బండి మీద పెట్టి ట్యాక్ (చుక్కలా చిన్న వెల్డింగు) వేసినప్పుడు అన్నీ సరిపోతాయి. తర్వాత విప్పి, నేల మీద పడేసి ఫుల్ వెల్డింగ్ కొడతారు. వెల్డింగు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, తన వైపు ప్లేటును లాక్కుంటుంది. ప్లేటు ఒకటి రెండు డిగ్రీలు తిరిగినా అవతలి కొసలో అది మిల్లీమీటర్లకు మిల్లీమీటర్లు. మళ్లీ బండి మీద పెట్టేసరికి సరిపోదు, అప్పటికి రంగు కూడా వేసేసి ఉంటారు కాబట్టి ఎవరికీ వెనక్కి వెళ్లాలనిపించదు. పానా పట్టి లాగేస్తారు.

మడ్‌గార్డు వంపు, స్టే వంపు వేరువేరుగా ఉండటం ఇంకో కారణం. స్టే కాస్త చదునుగా ఉంటే రెండు చివర్ల బోల్టులు బిగించినప్పుడు మడ్‌గార్డు తెరుచుకుంటుంది. ఇక్కడ విరిగేది స్టే కాదు, మడ్‌గార్డు. ఫైబరుదైతే రంధ్రం చుట్టూ నక్షత్రంలా పగుళ్లు, రేకుదైతే రంధ్రం నుంచి అంచువైపు ఒక చీలిక.

సరిచేసే పద్ధతి

విరిగినదాని మీద అతకడం మానేయండి. ప్లేటు, పైపు బాగుంటే పాత వెల్డింగు కోసి విడదీయండి. పగులు ప్లేటులోకి పాకి ఉంటే ప్లేటు కొత్తది కోయించండి.

టైరు చుట్టూ మీకు కావలసిన ఖాళీ అంత మందం ఉన్న నీళ్ల పైపు ముక్కల్ని టేపుతో అంటించండి. మడ్‌గార్డును వాటి మీద వదిలేయండి, అది తన చోట తాను కూర్చుంటుంది. ప్లేటును నకిల్‌కి పూర్తిగా బిగించండి. స్టే పైపును ప్లేటుకీ మడ్‌గార్డుకీ మధ్య బలవంతం లేకుండా నిలిచేలా కోసి రాసి సరిచేయండి. వెల్డింగు చేసే చోట ఒక మిల్లీమీటరుకు మించి సందు ఉండకూడదు. సందు ఎంత ఎక్కువుంటే చల్లారాక అంత లాగుతుంది.

బండి మీద ట్యాక్ వేసేముందు బ్యాటరీ తీగలు రెండూ తీసేయండి. టైరును, బ్రేక్ హోస్‌ను తడి గోనెపట్టాతో కప్పండి. ఎర్త్ క్లాంపును ఛాసిస్‌కి కాదు, స్టేకే వెల్డింగు పక్కన పెట్టండి. ఛాసిస్‌కి పెడితే కరెంటు హబ్ బేరింగు గుండా పోయి బేరింగు గుండ్లను పాడుచేస్తుంది. స్ట్రట్ (షాక్ అబ్జార్బరు) గొట్టం మీద మాత్రం చిన్న ట్యాక్ కూడా వద్దు. లోపల ఆయిలూ సీలూ ఉన్నాయి.

ట్యాక్‌లు పడ్డాక విప్పి, స్టేని మందపాటి పట్టీకి గానీ, అదే రంధ్రాల వరసతో చేసిన జిగ్‌కి (కదలకుండా పట్టి ఉంచే చట్రానికి) గానీ బోల్టులతో బిగించి అప్పుడు ఫుల్ వెల్డింగ్ చేయండి. ఒకవైపు కొంచెం, ఎదురువైపు కొంచెం. నీళ్లు పోయొద్దు, తనంతట తాను చల్లారనివ్వండి. చల్లారాక జిగ్ విప్పి ప్లేటును చదునైన దాని మీద పెట్టి చూడాలి. సర్ఫేస్ ప్లేటు లేదని బాధపడక్కర్లేదు, మన ఇళ్లలో వంటింటి గట్టు మీద పాలిష్ చేసిన కడప బండ ఉంటుంది. ముందు స్టీలు స్కేలు నిలబెట్టి బండ చదునుగా ఉందో లేదో చూసుకోండి. దాని మీద ప్లేటును పెట్టి మూలల్లో వేలితో నొక్కితే టకటకమనకూడదు. టకటకమంటే ప్లేటు మెలి తిరిగినట్టే. వైస్‌లో పట్టి సరిచేయండి, లేదా ఫైలుతో రాయండి. రంగు వేశాక కాదు, ఇప్పుడే.

మడ్‌గార్డు వైపు రంధ్రాల్లో ఒకటి గుండ్రంగా ఉంచి, మిగతావాటిని 2, 3 మిల్లీమీటర్లు పొడవుగా రాయండి. మిగిలిన చిన్న తేడా అక్కడ సర్దుకుంటుంది. ఎక్కడైనా సందు మిగిలితే బోల్టుతో మూయకుండా, సందు మందానికి సరిపోయే వాషరు పెట్టి నింపండి. ఈ ఒక్క వాషరు పెట్టే ఓపిక లేకే ఎన్నో స్టేలు పోతున్నాయి.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు వేళ్లతో పెట్టాలి. తర్వాత నకిల్ ప్లేటు బోల్టులు బిగించి, చివర్లో మడ్‌గార్డు బోల్టులు బిగించండి. మడ్‌గార్డుకీ స్టేకీ మధ్య రబ్బరు ఉండాలి, పాత ట్యూబు ముక్కలైనా సరే, బయటి వైపు వెడల్పాటి వాషరుతో. స్టేకీ నకిల్‌కీ మధ్య మాత్రం రబ్బరు పెట్టొద్దు. అక్కడ ఇనుము మీద ఇనుమే ఆనాలి. మందపాటి రంగు కూడా ఉండకూడదు. పౌడర్ కోటింగ్ మీద బిగించిన బోల్టు కొన్ని రోజులకు ఆ పొర నలిగి వదులవుతుంది. ఆనే ముఖాల మీద రంగు గీకేసి పలచగా ప్రైమరు చాలు.

బోల్టులు వదులవుతున్నాయి

స్ప్రింగు వాషరును నమ్ముకోవద్దు. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వేయండి. క్యాలిపర్ (డిస్కు బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) దగ్గర వేడికి నైలాన్ పట్టు కోల్పోతుంది కాబట్టి అక్కడ మొత్తం ఇనుముతోనే ఉండే లాక్ నట్టు కావాలి. బోల్టు తల మీద 8.8 అని బలం గ్రేడు ఉండాలి. ఎం8 బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, ఎం10 కి 45 నుంచి 50 సరిపోతుంది. ఈ లెక్క ఇనుము మీద ఇనుముకే. రబ్బరున్న చోట రబ్బరు కొద్దిగా ఉబ్బేదాకా బిగిస్తే చాలు.

క్యాలిపర్ బోల్టుకే స్టే ప్లేటు తగిలించేవాళ్లకు ఒక గట్టి మాట. ప్లేటు బోల్టు తల కింద ఉండాలి. క్యాలిపర్ బ్రాకెట్‌కీ నకిల్‌కీ మధ్య పెడితే క్యాలిపర్ డిస్కు మధ్య నుంచి పక్కకి జరుగుతుంది. ప్లేటు మందమంత పొడవైన బోల్టు, అదే గ్రేడు, అదే పిచ్ (మరల మధ్య దూరం) వెతికి తెచ్చుకోండి. పాత బోల్టే వాడితే పట్టే మరలు తగ్గుతాయి. అది మీ బ్రేకు బోల్టు. వేరే చోటు దొరికితే దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

బిగించాక నట్టు మీదుగా ప్లేటు దాకా రంగుతో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగింది.

మిగతావి

ఫైబరు మడ్‌గార్డు ఎండాకాలంలో కిందికి జారితే రెసిన్ పూర్తిగా గట్టిపడలేదు. మామూలు పాలిస్టర్ రెసిన్ వేడికి మెత్తబడుతుంది, నల్ల రంగు వేస్తే మన మే నెల ఎండలో ఇంకా ఎక్కువ. లేత రంగు వేయండి, మధ్యలో ఒక కాలు పెంచండి. బోల్టు రంధ్రాలకు దూరంగా, లోపలి నుంచి దెబ్బ తగిలినట్టు నక్షత్రపు పగుళ్లుంటే అవి టైరు విసిరిన కంకర దెబ్బలు. లోపల రబ్బరు షీటు అతికించండి.

నీళ్లు, బురద ఇంకా మొహం మీదికే వస్తుంటే మడ్‌గార్డు వెనక్కి జరిగి ఉంది. ముందు అంచు టైరు నెత్తి కంటే కాస్త ముందుకి రావాలి, వెనక అంచు హబ్ ఎత్తు కంటే కిందికి దిగాలి. అంతకంటే కింద కావాలంటే రేకు పెంచకుండా రబ్బరు ఫ్లాపు వేలాడదీయండి.

నకిల్ వంగడం, రిమ్ము వంకర, ఇంజను వణుకు మడ్‌గార్డు దాకా రావడం లాంటివి అడుగుతుంటారు. అరుదు. పైవన్నీ చూశాక ఇంకా సమస్య ఉంటే అప్పుడు వాటి దగ్గరికి వెళ్లండి.

కొత్తగా బిగించిన మడ్‌గార్డును నేషనల్ హైవే 44 మీదికి తీసుకెళ్లే ముందు ఏదైనా ఖాళీ మైదానంలో తిప్పండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేక్ హోస్ స్టేకి తగలడం గానీ, బిగుసుకుపోవడం గానీ లేదని చూడండి. 50 కిలోమీటర్లు తిరిగాక నట్ల మీది గీతలు చూసి, నకిల్ ప్లేటు బోల్టులకు టార్క్ పానా మళ్లీ వేయండి. అదే సమయంలో మడ్‌గార్డు వైపు ఒక బోల్టు విప్పి, వేళ్లతో తిరిగి దూరుతోందో లేదో చూడండి.